గాజు గిన్నె కోసం జైనూరు దాకా

మా మేనత్త రూతమ్మకు దసరా ముందు కుడి కంట్లో శుక్లం తీశారు. కట్టు విప్పిన రోజు ఆమె మొదట చూసింది మా ఇంటి గోడల రంగు. "గింత పచ్చగ ఏసుకున్నరా? నాకు ఎవ్వలు చెప్పలే" అంది. మర్నాడు నా మొహం దగ్గరికి లాక్కుని చూసి, "నువ్వు గూడ ముసలైతున్నవే లతా" అంది. ఆ తర్వాత ఫ్యాన్ రెక్కల మీది దుమ్మూ, వంటింటి మూలల బూజూ కనిపించి ఇంటిల్లిపాదినీ తిట్టింది. వారం గడిచాక ఒక పొద్దున చాయ్ తాగుతూ నెమ్మదిగా అడిగింది.

"జైనూరు పోదామా? మా అవ్వ గాజు గిన్నె చూడాలె. చూసుడు గాదు, తెచ్చుకోవాలె."

ఆ గిన్నె సంగతి మా ఇంట్లో అందరం విని విని ఉన్నదే. మా నాయనమ్మ మిషన్ బంగళాలో వంట చేసేది. ఆ బంగళా దొరసాని అమెరికాలోని తన పుట్టింటి నుంచి ఒక గాజు గిన్నె తెచ్చుకుంది. కింద కాడ, కాడ కింద గుండ్రటి పీఠం, ఒళ్లంతా నక్షత్రాలు, ఆకులు. పండుగలకు అందులో పళ్లు పెట్టేవాళ్లట. తుడిచి బీరువాలో పెట్టే పని చిన్నపిల్లగా ఉన్న మా మేనత్తది. దొర, దొరసాని తమ దేశం వెళ్లిపోతూ ఆ గిన్నెను నాయనమ్మకు ఇచ్చారు. నెల తిరగకుండానే అది ఇంట్లోంచి మాయమైంది. సరిగ్గా అప్పుడే జైనూరు వైపు అడవి ఊళ్లకు బదిలీ అయిన పాస్టరు ఎత్తుకుపోయాడని మేనత్త నమ్మకం. అరవై ఏళ్లు దాటినా ఆ కోపం చల్లారలేదు. ఆమెకు పిల్లల్లేరు. మామయ్య పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. ఏ పండుగ వచ్చినా మా ఇంట్లో కేకు కంటే ముందు ఆ గిన్నె మాట వస్తుంది.

నాకు వేరే ఆసక్తి ఉంది. కరీంనగర్‌లో నాకో సామాన్ల దుకాణం. స్టీలు, ప్లాస్టిక్, గాజు అన్నీ అమ్ముతాను. గాజు ఐస్‌క్రీం కప్పు పక్కన సన్నగా నిలువు గీత ఎందుకుంటుందో తెలుసుకోవాలని మొదలుపెట్టి, ఈ అచ్చు గాజు గురించి దొరికినదల్లా చదివాను, వీడియోలు చూశాను. కరిగిన గాజును ఇనుప అచ్చులో వేసి, పైనుంచి ఇంకో ఇనుప దిమ్మెతో ఒక్క అదుము అదుముతారు. అచ్చు ముక్కలు కలిసిన చోట ఆ గీత పడుతుంది. అమెరికాలో పాతరోజుల్లో చేత్తో చెక్కిన గాజు కొనలేని మామూలు ఇళ్లవాళ్ల కోసం ఇలాంటివి చేశారట. గాజు మీద అచ్చు వదిలిన మచ్చలు కనపడకుండా ఖాళీ లేకుండా చుక్కలు, పువ్వులు నింపేవారట. దీపం వెలుగు పడితే ఆ చుక్కలన్నీ మెరిసి, పేదింటి బల్ల కూడా కళకళలాడేదట. అలాంటి గిన్నె మన అడవుల్లో ఉందంటే చూడకుండా ఎలా ఉంటాను?

జైనూరు దగ్గరి ఒక చిన్న ఊళ్లో చర్చి ఉందని, ఆ పాత పాస్టరు కొడుకు దానియేలే ఇప్పుడు అక్కడి పాస్టరయ్యగారని తెలిసినవాళ్ల ద్వారా ఆరా తీశాను. ఫోన్ చేస్తే "రాండ్రి అమ్మా, శనివారం వచ్చి ఆదివారం ఆరాధన చూసుకొని పోండ్రి" అన్నాడాయన. గిన్నె చూడాలని ఉందన్నాను. తీసుకుపోవడానికి వస్తున్నామని మాత్రం చెప్పలేదు. దారి పొడుగునా నా గుండెల్లో ఉన్న గుబులు అదే.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు కరీంనగర్ బస్టాండులో నిర్మల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నా చేతిలో బట్టల సంచి. మేనత్త ఒళ్లో మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ బకెట్, దాని నిండా పాత నేత చీరలు. గిన్నె పగలకుండా అందులో పెట్టి తేవాలని ఆమె ఏర్పాటు. పైన సామాను పెట్టే చోట పెడదామంటే ఒప్పుకోలేదు. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి కండక్టరమ్మ ఆధార్ కార్డు అడిగింది. కార్డులో ఫొటో చూసి, నల్లద్దాలు పెట్టుకున్న మా మేనత్తను చూసి, "గుర్తుపడ్తలేను అవ్వా, జర అద్దాలు తియ్యి" అంది.

"డాక్టరు తియ్యద్దన్నడు. నువ్వే జర మంచిగ చూడు" అంది మేనత్త. కండక్టరమ్మ నవ్వి సున్నా టికెట్ చింపి ఇచ్చింది. దాన్ని కూడా మేనత్త భద్రంగా బకెట్‌లోనే దాచుకుంది.

మా పక్క సీట్లో కొండగట్టుకు పోయే ఒకావిడ కూర్చుంది. ఆమెకు కుతూహలం ఎక్కువ. "ఏమున్నది అవ్వా గా బకెట్ల? పిండివంటలా?" అని అడిగింది.

"ఇప్పుడైతే ఏం లేదు. వచ్చేటప్పుడు ఉంటది" అని మేనత్త గర్వంగా చెప్పింది. కొండగట్టు దగ్గర దిగుతూ ఆవిడ, "మీ పని మంచిగ కావాలని అంజన్నకు మొక్కుత తీయ్" అని వెళ్లింది.

జగిత్యాల, కోరుట్ల దాటి మెట్‌పల్లిలో బస్సు కాసేపు ఆగితే మిర్చి బజ్జీలు తిని చాయ్ తాగాం. ఆర్మూరు మీదుగా సోన్ దగ్గర గోదావరి దాటేటప్పుడు మేనత్త అద్దాలు కొంచెం పైకెత్తి నీళ్లను చూసింది. "గింత వెడల్పు ఉన్నదా! ఇన్నేండ్లు నాకు తెల్లటి పొగ లెక్క అగుపించేది" అంది. వంతెన అయిపోయేదాకా కిటికీ వైపు తిరిగే కూర్చుంది.

మధ్యాహ్నానికి నిర్మల్ చేరాం. బస్టాండుకు దగ్గరలో శుభ్రంగా ఉన్న లాడ్జిలో గది తీసుకుని, పక్కనే హోటల్లో భోజనం చేశాం. ఆమె వయసుకు ఒక్కరోజులో జైనూరు దాకా ప్రయాణం ఎక్కువ. ఈ దారిన వెళ్లేవాళ్లు మీరూ నిర్మల్‌లో ఒక రాత్రి ఆగండి, ఒళ్లు నొప్పులుండవు. సాయంత్రం కొయ్యబొమ్మల దుకాణానికి పోయాం. సీతాఫలం, మామిడి, జామ అన్నీ చెక్కతో చేసి రంగులేసి బుట్టలో పెట్టారు. మేనత్త ఒక జామకాయ చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"చెక్కదే అవ్వా, కొరుకకు" అన్నాడు దుకాణంలో రంగులేస్తున్న ఆయన.

"పండ్లు ఎక్కడివి నాకు?" అని ఆమె నోరు తెరిచి చూపించింది. ఆయన నవ్వు ఆపుకోలేక కుంచె పక్కన పెట్టాడు.

శనివారం పొద్దున్నే ఉట్నూరు బస్సు. నిర్మల్ దాటగానే కొండల మీది ఘాటు రోడ్డు మొదలవుతుంది. మలుపు తిరిగినప్పుడల్లా చలిగాలి మొహానికి కొడుతుంది, శాలువా తప్పకుండా ఉండాలి. ఇచ్చోడ, గుడిహత్నూరు దాటి ఇంద్రవెల్లి వైపు తిరిగాక రెండు పక్కలా పత్తి చేలు, తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. ఉట్నూరులో దిగి, జైనూరు పోయే జీపు ఎక్కాం. తలకు తెల్ల టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన మేనత్తకు కిటికీ పక్క చోటు ఇచ్చాడు.

"ఇకడె బసా, ఆయీ! ఇక్కడ కూసోండ్రి, గాలొస్తది" అన్నాడు. మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడుతుంటే మేనత్తకు సగమే అర్థమైంది. అయినా ఇద్దరూ పత్తి ధర గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ జైనూరు దాకా ముచ్చట్లు చెప్పుకున్నారు.

జైనూరులో మా కోసం దానియేలు అయ్యగారు ఆటో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. యాభై దాటిన మనిషి, పొలం పనికి అలవాటు పడిన చేతులు. బకెట్ అందుకోబోతే మేనత్త ఇవ్వలేదు. మట్టిదారిలో అరగంట పోయాక ఊరు వచ్చింది. పెంకుటిళ్లు, ముంగిళ్లలో ఆరబోసిన మక్కజొన్నలు, చివర రేకుల కప్పు వేసిన నీలిరంగు చర్చి.

"ముందుగాల గిన్నె సూపెట్టు" అంది మేనత్త, ఇంకా నీళ్లు కూడా తాగకుండా.

చర్చి లోపల తూర్పు కిటికీలో, ఎత్తు తక్కువ చెక్కబల్ల మీద ఉంది గిన్నె. నేను వంగి చూశాను. బొమ్మల్లో చూసినట్టే ఉంది. చుక్కలు, వాటి మధ్య ఆకులు, నక్షత్రాలు. కాడ పక్కన అచ్చు గీత కూడా స్పష్టంగా కనిపిస్తోంది. మేనత్త అద్దాలు తీసేసి దగ్గరికి వెళ్లింది. ఒక నిమిషం చూసి వెనక్కి తగ్గింది.

"గిది కాదు."

"కాదా?" అన్నాడు అయ్యగారు.

"మాది తెల్లటిది. నీళ్ల లెక్క ఉండె. గిది వంగపువ్వు రంగుకొచ్చింది. నాకు ఇప్పుడు కండ్లు మంచిగ అగుపిస్తున్నయ్, నన్ను మోసం చెయ్యకుండ్రి."

నిజమే, గాజులో చాలా పలచగా వంగపూత రంగు ఉంది. అది ఎందుకో నేను చదివాను. పాతకాలంలో కొన్ని రకాల గాజులో పచ్చదనం పోవడానికి ఒక మందు కలిపేవారు. అలాంటి గాజు ఏళ్ల తరబడి ఎండలో ఉంటే మెల్లగా ఈ రంగుకు తిరుగుతుంది. "ఎండకు మారింది అత్తమ్మా, గీ కిటికీల ఎన్నేండ్లు ఉన్నదో" అని చెప్పాను. ఆమె వినలేదు. అరవై ఏళ్లు ఎదురుచూసింది ఆ తెల్లటి గిన్నె కోసం. మొహం వాడిపోయింది.

"ఒక్కసారి చేతిలకు తీసుకొని చూడు" అన్నాను.

అయిష్టంగానే తీసుకుంది. పీఠం కింద బొటనవేలు పెట్టి మెల్లగా తిప్పింది. అలవాటైన పనిలా కళ్లు మూసుకుంది. వేలు ఒకచోట ఆగింది. అక్కడ గాజులో బియ్యపు గింజంత బొడిపె ఉంది, నేను తర్వాత తడిమి చూశాను. ఆమె ఆ బొడిపె మీద వేలు మళ్లీ మళ్లీ రాసింది.

"తుడిచినప్పుడల్లా గుడ్డ గీడ పట్టుకునేది" అంది, కళ్లు తెరవకుండానే. "గిదే. మా గిన్నె గిదే లతా."

అయ్యగారి తల్లి ఎస్తేరమ్మ అప్పటికే కర్ర ఊతంతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఎనభై అయిదు దాటి ఉంటాయి. మా మేనత్త ఇన్నేళ్లూ దొంగ అనుకున్న పాస్టరు భార్య ఆమే. "నువ్వు వంటామె బిడ్డ రూతువా? గింతంత ఉంటివి" అని మోకాలి ఎత్తు చూపించింది.

మేనత్త ఆగలేదు. "మీ ఇంటాయన మా గిన్నె ఎత్తుకొచ్చిండు" అని మొహం మీదే అనేసింది. నేను భూమిలోకి కుంగిపోయాను. ఎస్తేరమ్మకు కోపం రాలేదు. నిదానంగా బెంచీ మీద కూర్చుంది.

"ఎత్తుకొచ్చుడు కాదు బిడ్డ. మేం గీ అడివికి వస్తుంటే మీ అవ్వ బస్సు కాడికి వచ్చింది. తట్టల ఊక పోసి, అండ్ల గిన్నె పెట్టి తెచ్చింది. 'గక్కడ మీకు ఏం దొరుకుతయో ఏమో, పిల్లలకు బాప్తిస్మం ఇయ్యనీకి ఉంటది, తీస్కపోండ్రి' అన్నది. 'మా ఇంటాయన అమ్ముదామంటుండు, ఆయనకు తెల్వనియ్యకుండ్రి' అని గూడ అన్నది. నాకు మంచిగ యాదున్నది."

మేనత్త గిన్నెను మెల్లగా బల్ల మీద పెట్టింది. మా తాతయ్య కోపిష్టి అని ఆమే ఎన్నోసార్లు చెప్పింది.

"మా అవ్వ గట్ల చేసిందా?" అంది. "మాకు ఒక్క మాట చెప్పకపాయె. గిన్నేండ్లు మీ ఆయనను దొంగ అనుకుంటి."

"అనుకుంటే ఏమాయె? ఆయనకు వినవడలే గద" అంది ఎస్తేరమ్మ. ముందు ఆమె నవ్వింది, తర్వాత మా మేనత్త నవ్వింది. అయినా పట్టు వదిలితే ఆమె రూతమ్మ ఎందుకవుతుంది? "గదంత మంచిదే గని, ఇచ్చింది మా అవ్వ. నేనియ్యలే" అంది.

ఎస్తేరమ్మ కొడుకు వైపు చూసింది. ఆయన తల ఊపాడు. "తీస్కపో బిడ్డ" అందామె. "నీ తల్లిది, నీకే చెల్లుతది. రేపు ఒక్క పిల్లకు బాప్తిస్మం ఉన్నది. అయినంక తీస్కపో."

మధ్యాహ్నం జొన్న రొట్టెలు, కందిపప్పు, నాటుకోడి కూర పెట్టారు. గిన్నె పోతోందన్న సంగతి అప్పటికే ఊరంతా పాకింది. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే నాకు కష్టంగా ఉంది. సాయంత్రం మౌనిక అనే అమ్మాయి మూడు నెలల పాపను ఎత్తుకుని వచ్చింది. రేపటి బాప్తిస్మం ఆ పాపకే. మేనత్త పాపను ఒళ్లోకి తీసుకుంది.

"మా అత్తకు గా గిన్నెతోనే అయింది, మా ఆయనకు, నాకు గూడ" అంది మౌనిక. "మీరు ఇంకో వారం ముందుగాల వస్తే మా బిడ్డకు దొరకకపోతుండె. మంచిగైంది."

మేనత్త ఆమె మొహంలోకి దీర్ఘంగా చూసింది. వెటకారం ఏమైనా ఉందేమో అని చూసినట్టుంది. లేదు. ఆ అమ్మాయి నిజంగానే సంతోషపడుతోంది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆరాధన. డోలక్, తాళాలు, అందరూ గొంతెత్తి పాడిన పాటలు. సూర్యుడు కొండ మీదికి వచ్చేసరికి వెలుగు నేరుగా తూర్పు కిటికీలోకి పడింది. గిన్నెలో నీళ్లు పోశారు. అంతే, చుక్కలన్నీ ఒక్కసారి అంటుకున్నట్టు మెరిశాయి. రేకుల కప్పు మీద, నీలి గోడ మీద, మనుషుల భుజాల మీద లేత వంగపూత వెలుగు ముక్కలు కదులుతున్నాయి. దీపపు వెలుగులో మెరవాలని ఎక్కడో చేసిన గాజు ఆదిలాబాద్ ఎండలో ఇలా ఉంటుందని దాన్ని చేసినవాళ్లు ఊహించి ఉండరు.

అయ్యగారు మా మేనత్తను ముందుకు పిలిచాడు. "గీ గిన్నె మన ఊరికి పంపిన తల్లి బిడ్డ వచ్చింది. ఇయ్యాల ఆమెనే పట్టుకుంటది" అన్నాడు. ఆమె లేచి వెళ్లి రెండు చేతులతో పీఠం పట్టుకుంది. ఆమె కదిలినప్పుడల్లా నీళ్లు అలలాడి గోడ మీది వెలుగులు కూడా ఊగాయి. అయ్యగారు నీళ్లు తీసి పాప నుదుటి మీద చల్లి పేరు పెట్టాడు. పాప ఏడవలేదు. చెయ్యి చాపి గిన్నె అంచు పట్టుకుని గట్టిగా లాగింది. సగం నీళ్లు మేనత్త నల్లద్దాల మీద పడ్డాయి.

"గుంజుతున్నదే పోరి! ఇయ్యనంటున్నది!" అని మేనత్త గట్టిగా అరిచింది. చర్చి అంతా ఘొల్లున నవ్వింది. ఎస్తేరమ్మ అయితే కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆరాధన అయ్యాక చూస్తే, దానియేలు అయ్యగారు అన్న మాట ప్రకారం గిన్నెను శుభ్రంగా తుడిచి, మా బకెట్‌లో చీరల మధ్య సర్ది మూత పెట్టి ఉంచాడు. మేనత్త మూత తీసింది. గిన్నెను బయటికి తీసి, కిటికీ దగ్గరికి తానే మోసుకుపోయి బల్ల మీద పెట్టింది.

"ఏమైందమ్మా?" అన్నాడాయన.

"గిక్కడనే ఉండనీ."

"ఎండ తాకకుండ లోపట పెట్టుమంటవా?"

"వద్దు. కిటికిలనే పెట్టుండ్రి, రంగు మంచిగనే ఉన్నది" అని, వెంటనే వేలు చూపిస్తూ, "గని ఒక్క మాట. ఎప్పుడు బాప్తిస్మం ఉన్నా నాకు ఫోన్ చెయ్యాలె. వీడియోల చూపెట్టాలె. మరిస్తే వచ్చి తీస్కపోత" అంది. అయ్యగారు అక్కడికక్కడే నా నంబరు తన ఫోన్‌లో 'గిన్నె అవ్వ' అని రాసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరు ముసలమ్మలూ ఎండలో మంచం వేసుకుని నాయనమ్మ గురించి మాట్లాడుకున్నారు. తన తల్లి బంగళాలో దొరసాని నడకను అనుకరించి అందరినీ నవ్వించేదని మేనత్తకు ఆ రోజే తెలిసింది. పాత చీరలు మౌనిక పాపకు పక్కబట్టలుగా పోయాయి. ఖాళీ బకెట్ నిండా ఊరివాళ్లు సీతాఫలాలు పోశారు.

సోమవారం తిరుగు ప్రయాణానికి వేరే దారి పట్టాం. జైనూరు నుంచి ఆసిఫాబాద్ బస్సు కెరమెరి ఘాటు మీదుగా పోతుంది. ఆ లోయలు చూడటానికైనా ఈ దారిన ఒకసారి రావాలి, చలికాలం మొదట్లో వస్తే పచ్చదనం ఇంకా మిగిలి ఉంటుంది. ఆసిఫాబాద్‌లో దిగి ఆటోలో రైల్వే స్టేషన్‌కు పోయి, పెద్దపల్లి దాకా ప్యాసింజర్‌కు టికెట్లు తీసుకున్నాం. రైల్లో ఉచితం లేదని తెలిసి మేనత్త కొంచెం నొచ్చుకుంది.

ఈ నాలుగు రోజుల్లో నేను చూసిన గాజు ఒక్క గిన్నె. పట్నాల్లో అద్దాల బీరువాల్లో తాళం వేసి ఉంచే ఖరీదైన గాజును నేను చాలా చూశాను. ఇది అలాంటిది కాదు. మొదటి నుంచీ మామూలు మనుషుల ఇంటి కోసం పుట్టిన వస్తువు. సముద్రాలు దాటి వచ్చినా అది చేరవలసిన చోటికే చేరిందనిపించింది. మీరెవరైనా అటు పోతే ఆదివారం పొద్దున ఎండ వచ్చే వేళకు వెళ్లండి.

మంచిర్యాలలో ఒకామె ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. రైలు గోదావరి వంతెన మీదికి వచ్చేలోపే మేనత్త ఆమెకు ఒక సీతాఫలం ఇచ్చి, గిన్నె కథంతా చెప్పేసింది. ఆమె గింజలు ఊస్తూ ఆసక్తిగా విని, చివర్లో అడిగింది.

"మీదే అంటున్నరు గద అవ్వా, మరెందుకు తెచ్చుకోలే?"

"తెచ్చి ఏం జేస్త బిడ్డ? మా ఇంట్ల ఇప్పుడు పుట్టేటోళ్లు ఎవ్వలున్నరు?" అంది మా మేనత్త. "గక్కడైతే ముగ్గురు కడుపుతోని ఉన్నరు. నేను మంచిగ చూసే వచ్చిన."